కుందేలు అచ్చిరాలేదా? ముందు గిన్నె చూడండి!

పిల్లలకి సెలవులిచ్చారంటే ఇంటికో కొత్త చుట్టం రావడం ఈ మధ్య మామూలైపోయింది. నరసరావుపేటలోనో, పిడుగురాళ్ళలోనో రంగుచేపలూ, పిట్టలూ అమ్మే కొట్టు ముందు నిలబడి "అమ్మా... ఒక్కటి! ఒక్కటంటే ఒక్కటి!" అని చెయ్యి పట్టుకు గుంజుతారు. తెల్లటి వొళ్ళు, ఎర్రటి కళ్ళు, దూదిపింజ లాంటి తోక... చూస్తే మనకే ముద్దొస్తుంది, ఇక పిల్లల సంగతి చెప్పాలా! పంజరంతో సహా ఆటోలో పెట్టుకుని ఇంటికి తెచ్చేస్తాం.

ఆ రోజు నుంచీ ఇంట్లో పండగే. పిల్లలు క్యారెట్ తెస్తారు. నాయనమ్మ పాలన్నం కలిపి పెడుతుంది. తాతయ్య టీలోకి తెచ్చుకున్న బిస్కెట్టు విరిచి ఇస్తాడు. పక్కింటావిడ నానేసిన శనగలు గుప్పెడు పోస్తుంది. ఆ కుందేలు కూడా మొహమాటం లేకుండా అన్నీ తింటుంది. పది రోజులు తిరక్కుండానే ఓ పొద్దున మూల ముడుచుకు కూర్చుంటుంది. మధ్యాహ్నానికి కడుపు ఉబ్బుతుంది. మర్నాటికి పంజరం ఖాళీ. పిల్లల ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాదు. "దిష్టి తగిలింది" అని ఒకరు, "మనింటికి కుందేళ్ళు అచ్చిరావు" అని ఇంకొకరు తేల్చేస్తారు.

దిష్టీ కాదు, అచ్చిరాకపోవడమూ కాదు. ఇలా పోయే కుందేళ్ళలో చాలావాటి ప్రాణం తీసేది మనం ప్రేమగా పెట్టిన తిండే. సరిగ్గా మేపితే ఎనిమిది, పదేళ్ళు బతికే జీవం అది. ఆరో తరగతి పిల్లాడికి కొనిచ్చింది, వాడు కాలేజీకి వెళ్ళేదాకా ఇంట్లో తిరగాలి. అందుకే ఈ వారం మన శీర్షికలో కుందేలు వంటిల్లు చూద్దాం.

ముందు దాని కడుపు సంగతి

కుందేలుకి గేదెలా నాలుగు గదుల పొట్ట లేదు. అయినా అది గడ్డి తిని బతికే జంతువే. దాని పేగుల మధ్య పెద్ద సంచి లాంటి భాగం ఒకటి వుంటుంది. అందులో కోట్లాది సూక్ష్మజీవులు కాపురం వుండి, గడ్డిలోని పీచుని పులియబెట్టి దానికి బలం తయారుచేసి పెడతాయి. మనం పెరుగు తోడు పెట్టుకున్నట్టే అనుకోండి. తోడు మంచిదైతే పెరుగు, చెడితే పులుసు!

అన్నం, బిస్కెట్టు, రొట్టె, శనగలు, మొక్కజొన్న గింజలు లాంటి పిండిపదార్థాలు ఆ సంచిలోకి చేరాయంటే మంచి సూక్ష్మజీవులు తగ్గి చెడ్డవి పెరుగుతాయి. గ్యాసు పడుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. పైగా కుందేలుకి వాంతి చేసుకునే శక్తి లేదు. మనమైతే పడని తిండి కక్కేసి తేరుకుంటాం. అది ఒకసారి మింగిందంటే మింగిందే! "ఇంకొంచెం, ఇంకొంచెం" అని కొసరి కొసరి వడ్డించే మన మర్యాద చుట్టాల దగ్గర చెల్లుతుంది గానీ కుందేలు దగ్గర చెల్లదు.

ఇంకో సంగతి పళ్ళు. కుందేలుకి 28 పళ్ళు. అన్నీ బతికినంత కాలం పెరుగుతూనే వుంటాయి. ముందు పళ్ళయితే నెలకి దాదాపు సెంటీమీటరు పెరుగుతాయి. రోజంతా గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. మెత్తటి తిండికి అలవాటుపడితే పళ్ళు వంకరపోయి నోట్లోనే గుచ్చుకుంటాయి. అప్పుడు ఆకలి వున్నా తినలేక మాడిపోతుంది.

అన్నట్టు, తెల్లవారుజామున కుందేలు తన పెంటని తానే తినడం చూసి "ఛీ, ఛీ" అని పిల్లలు అసహ్యపడుతుంటారు. అది జబ్బు కాదు. గుండ్రంగా, గట్టిగా వుండే మామూలు పెంటికలు కాక, మెత్తగా ద్రాక్షగుత్తిలా వచ్చేవి వేరే వుంటాయి. వాటిలో విటమిన్లు, మాంసకృత్తులు వుంటాయి. వాటిని మళ్ళీ తింటేనే దానికి బలం. ఆపకండి.

ఈ క్యారెట్ ఎవరు అంటగట్టారు?

కుందేలు బొమ్మ వేయమంటే ఏ పిల్లయినా చేతిలో క్యారెట్ పెట్టి మరీ వేస్తుంది. ఇది అమెరికా కార్టూన్ల చలవ. 1940లో తెరమీదికొచ్చిన 'బగ్స్ బన్నీ' అనే కుందేలు క్యారెట్ కొరుకుతూ మాట్లాడుతుంది. అదీ సొంత తెలివి కాదు. 1934 నాటి 'ఇట్ హాపెన్డ్ వన్ నైట్' అనే హాలీవుడ్ సినిమాలో హీరో క్లార్క్ గేబుల్ క్యారెట్ నముల్తూ డైలాగులు చెప్పే సీనుని అనుకరించారని చెబుతారు. అలా ఒక సినిమా హీరో తిన్న క్యారెట్ ప్రపంచంలోని కుందేళ్ళన్నిటి నెత్తినా పడింది!

నిజానికి క్యారెట్ దుంపలో తీపి ఎక్కువ. మన పిల్లలకి మిఠాయి ఎట్లాగో కుందేలుకి అది అట్లాగ. వారానికి రెండుసార్లు బొటనవేలు గోరంత ముక్క ముచ్చటగా పెట్టొచ్చు. క్యారెట్ ఆకు మాత్రం నిక్షేపంగా పెట్టండి.

ఒట్టి గడ్డితో బతుకుతుందా అంటారేమో! 1859లో థామస్ ఆస్టిన్ అనే ఆయన వేటాడుకునే సరదా కోసం ఇంగ్లండు నుంచి కాసిని కుందేళ్ళు తెప్పించి ఆస్ట్రేలియాలో వదిలాడు. అవి లక్షలూ కోట్లూ అయి పంటలు మేసేస్తుంటే, 1901 నుంచి 1907 దాకా పడమటి ఆస్ట్రేలియాలో వందల మైళ్ళ పొడవున కంచె కట్టాల్సి వచ్చింది. వాటికి బిస్కెట్లు ఎవరు పెట్టారు? పాలన్నం ఎవరు కలిపారు? గడ్డీ గాదమూ మేసే అంత సంతానాన్ని పెంచాయి.

మన పల్నాటిలో గడ్డి ఎక్కడ దొరుకుతుంది?

పెద్ద ఊళ్ళలోని కొట్లలో టిమోతీ గడ్డి అని విదేశీ ప్యాకెట్లు అమ్ముతారు. ఖరీదు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అదే కావాలని ఏమీ లేదు. వినాయకచవితికి కట్టలు కట్టి అమ్మే మన గరికే కుందేలుకి పరమాన్నం. గేదెలున్న ఇళ్ళలో వేసే నేపియర్, గినీ గడ్డి ఆకులు కూడా మంచివే. పచ్చిదైనా సరే, ఎండినదైనా సరే, తినే తిండిలో నూటికి ఎనభై వంతులు గడ్డే వుండాలి. కుందేలు ఎంత వుందో గడ్డి కుప్ప అంత వుండాలని లెక్క. అది అయిపోయిందనే మాట రాకూడదు.

వరిగడ్డి కొరికినా ప్రమాదం లేదు గానీ బలం తక్కువ. దాన్ని దుమ్ము దులిపి పడుకోవడానికి పరుపులా వాడండి. ఎండిన జొన్న చొప్పలో ఆకుల వరకు తుంచి వేయొచ్చు. లేత జొన్న, నీళ్ళు లేక వాడిన జొన్న, కోసిన మోళ్ళ మీద లేచిన పిలకలు మాత్రం వద్దు. నాము తగిలి గేదెలే పడిపోతాయని మన రైతులకి తెలుసు. ఆ విషానికి కుందేలెంత!

వేరుశనగ కట్టె, పిల్లిపెసర, అలసంద తీగ, లూసర్న్... ఇవి పప్పుజాతివి. వీటిలో సున్నం ఎక్కువ. ఎదిగే పిల్లకీ, కడుపుతో వున్నదానికీ, పాలిచ్చేదానికీ మంచివి. ఎదిగిన కుందేలుకి రోజూ ఇవే వేస్తే మిగిలిన సున్నమంతా మూత్రంలోకి దిగి, సుద్దనీళ్ళలా చిక్కగా పోస్తుంది. మూత్రంలో రాళ్ళు కూడా పడొచ్చు. వారానికి ఓ రెండుసార్లు గుప్పెడు చాలు.

ఇక అసలు హెచ్చరిక. మనది పత్తి, మిరప పండే నేల. వారం వారం మందు కొట్టే చేల గట్ల మీద గడ్డి ఎంత పచ్చగా కనిపించినా కొయ్యకండి. గాలికి ఆ మందంతా గట్టు మీదే పడుతుంది. కలుపు మందు చల్లిన కాలవ గట్లూ అంతే. ఒకసారి కడిగినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు. రోడ్డు పక్క పొగ, దుమ్ము పట్టిన గడ్డి కూడా వద్దు.

మరెట్లా అంటారా? ఇంట్లోనే పెంచుకోండి. మందు వాసన తగలని చోటు నుంచి కణుపులున్న గరిక తీగలు తెచ్చి, వేలెడు ముక్కలు చేసి, పగిలిన బకెట్లలో, పాత టబ్బుల్లో అంగుళం లోతున గుచ్చండి. బియ్యం కడిగిన నీళ్ళు పోసినా చాలు. నెల తిరిగేసరికి దుబ్బు కడుతుంది. నాలుగు టబ్బులుంటే ఒకటి కోసేలోపు ఇంకొకటి అందుకుంటుంది.

కోటప్పకొండ తిరునాళ్ళ అయి ప్రభలు ఊళ్ళకి తిరిగాయంటే ఎండలు ముదిరినట్లే. శివరాత్రికి ముందే ఎండుగడ్డి చేసి పెట్టుకుంటే వేసవికి తడుముకోనక్కర్లేదు. గరికని పూత రాకముందే కోసి, చాప మీద పల్చగా పరిచి, ఓ పూట ఎండలో, తర్వాత నీడలో తిరగేస్తూ ఆరబెట్టండి. రంగు పచ్చగానే వుండి, చేత్తో నలిపితే గలగలమనాలి. గోనెసంచిలోగానీ గుడ్డసంచిలోగానీ నింపి నేలకి తగలకుండా వేలాడదీయండి. పాలిథిన్ కవరులో వేస్తే చెమ్మ పట్టి బూజు వస్తుంది. బూజు వాసన వచ్చిన గడ్డి పారెయ్యడమే, మళ్ళీ ఎండబెట్టి వేయడం వద్దు సుమా!

కూరల బుట్టలోంచి...

గడ్డి తర్వాతి వంతు ఆకుకూరలది. రెండు కిలోల కుందేలుకి రోజుకి రెండు గుప్పిళ్ళు, రెండు మూడు రకాలు కలిపి పెట్టండి. కొత్తిమీర, పుదీనా, మెంతికూర, ముల్లంగి ఆకు, మందార ఆకూ పువ్వూ బాగా సరిపడతాయి. కూర వండుకున్నాక మనం పారేసే కొత్తిమీర కాడలు, కాలీఫ్లవర్ ఆకులు దానికి విందు. కడిగి, నీళ్ళు కారిపోయాక పెట్టాలి.

మనవైపు గోంగూర లేని ఇల్లు వుండదు కదా! గోంగూర, పాలకూర, తోటకూర మూడూ కొద్ది కొద్దిగా, వారానికి ఒకటి రెండుసార్లే. ఇవి రోజూ పెడితే రాళ్ళు పడే గుణం వుంది. మునగాకు బలమే గానీ సున్నం ఎక్కువ గనక ఓ రెమ్మ చాలు. క్యాబేజీ ఎక్కువైతే గ్యాసు.

పండ్లు? జామ, యాపిల్, అరటి, బొప్పాయి ఏదైనా వారానికి రెండుసార్లు ఒక చెంచాడు. యాపిల్ గింజలు తీసెయ్యాలి.

అసలు పెట్టకూడనివి చెబుతాను, ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించుకోండి. ఉల్లి, ఉల్లికాడ, వెల్లుల్లి, బంగాళాదుంప, చేమాకు, టమాటా మొక్క ఆకూ కాడా, వంకాయ ఆకు, పచ్చి చిక్కుడు గింజలు, అన్నం, ఇడ్లీ, బ్రెడ్డు, బిస్కెట్లు, చేగోడీలు, చాక్లెట్టు, పాలు, పెరుగు. వాకిట్లో తిరగనిస్తే గన్నేరు, బిళ్ళగన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం, లంటానా, వయ్యారిభామ, మనీప్లాంట్ దగ్గరికి పోనివ్వకండి. కాగితం మిల్లుల కోసం వేసే సుబాబుల్ ఆకు మేకలు తింటాయి గదా అని తెచ్చి పడేస్తారు కొందరు. అది ఎక్కువైతే కుందేలుకి బొచ్చు రాలిపోతుంది.

దాణా విషయంలో ఒక్క మాట

కుందేలు దాణా అని గుళికలు అమ్ముతారు. కొనేముందు ప్యాకెట్టు మీద పీచు ఎంతో చూడండి. నూటికి 18 పాళ్ళకి తగ్గకూడదు. కిలో బరువుకి 25 గ్రాముల లెక్కన, రెండు కిలోల కుందేలుకి రోజుకి 50 గ్రాములు దాటనివ్వకండి. గిన్నె నిండా పోసి వుంచితే గడ్డి ముట్టదు. రంగురంగుల గింజలు కలిపిన ప్యాకెట్లు అసలే వద్దు, తియ్యటివి ఏరుకుని మిగతావి వదిలేస్తుంది.

ఇంట్లో వుందిగదా అని కోళ్ళ మేత మాత్రం పొయ్యకండి. కోళ్ళకి జబ్బు రాకుండా అందులో కలిపే కొన్ని మందులు కుందేలుకి విషం. అట్లాగే పత్తిచెక్క కలిసిన గేదెల దాణా. పత్తిగింజలోని గాసిపాల్ అనే పదార్థం గేదె తట్టుకుంటుంది గానీ కుందేలు తట్టుకోలేదు.

నీళ్ళూ... రెంటచింతల ఎండా!

వేసవి వార్తల్లో రెంటచింతల పేరు వినని వాళ్ళెవరు? పాదరసం 45 దాటే నేల మనది. కుందేలుకి 30 డిగ్రీలు దాటితేనే ఆయాసం మొదలు. వొంటినిండా బొచ్చు, చెమట పట్టదు. వేడిని పైకి పంపేది ఆ పెద్ద చెవులే. రేకుల షెడ్డులో, డాబా మీద పంజరం పెడితే తిండి ఎంత మంచిదైనా వృథా.

రెండు కిలోల కుందేలు మామూలు రోజుల్లోనే పావు లీటరు దాకా నీళ్ళు తాగుతుంది. వేసవిలో అంతకు మించి. నీళ్ళు తగ్గితే పేగులో గడ్డి గట్టిపడి కదలదు. బరువైన పింగాణీ గిన్నెలోగానీ మట్టి మూకుడులోగానీ పోసి, రోజుకి మూడుసార్లు మార్చండి. ఎండాకాలం గడ్డి, ఆకుకూర చల్లబడ్డాక సందెవేళ పెట్టండి. రాత్రీ తెల్లవారుజామునే దానికి అసలు భోజనవేళ. కూరాకు తడి ఆరకముందే పెట్టినా ఈ రోజుల్లో ఫరవాలేదు, ఆ నీళ్ళూ లోపలికి పోతాయి. మధ్యాహ్నం పంజరం చుట్టూ తడి గోనెపట్టా కట్టి, నీళ్ళసీసా గడ్డకట్టించి గుడ్డ చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటుంది. నోరు తెరిచి రొప్పుతుంటే చెవులకి తడిగుడ్డ అద్దండి. బకెట్లో ముంచకండి, ఆ అదటుకే ప్రాణం పోవచ్చు.

ఉన్నట్టుండి మార్చకండి

ఇదంతా చదివి రేపటి నుంచే బిస్కెట్టు బంద్, గడ్డి మొదలు అనకండి. బిస్కెట్లకీ అన్నానికీ అలవాటుపడ్డ కుందేలు గడ్డి వేస్తే అలిగి పస్తుంటుంది. పది, పదిహేను రోజుల్లో అవి కొంచెం కొంచెం తగ్గిస్తూ గడ్డి పెంచాలి. కొత్త ఆకు ఏదైనా మొదటిరోజు రెండు రెమ్మలే. మర్నాడు పెంటికలు గుండ్రంగా, పొడిగా వుంటే పెంచండి. మెత్తబడితే ఆపండి. కొనేటప్పుడు కూడా ఎనిమిది వారాలు నిండని పిల్లని తేవద్దు. తల్లి పాలు మరవని పిల్లకి ఆవుపాలు పోసి బతికించడం చాలా కష్టం.

ఒక పూట తినలేదా?

"ఇవ్వాళ ఆకలి లేదేమో, రేపు తింటుందిలే" అనుకునేది మనుషుల విషయంలో. కుందేలు పన్నెండు గంటలు ఏమీ ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా అది ప్రాణం మీదికొచ్చినట్లే. ముడుచుకు కూర్చుని పళ్ళు నూరుతుంటే కడుపునొప్పి అని గుర్తు. వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. సంచార పశువైద్య వాహనాల కోసం 1962 టోల్‌ఫ్రీ నంబరు వుంది. అటు గన్నవరంలో పశువైద్య కళాశాల వుంది.

ఒకటి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. పిల్లల జ్వరానికి తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్ మిగిలింది గదా అని దాని నోట్లో పొయ్యకండి. నోటి ద్వారా వేసే ఆ జాతి మందులు పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపేసి కుందేలు ప్రాణం తీస్తాయి. డాక్టరు మందు రాస్తుంటే "ఇది కుందేలుకండీ" అని మీరే ఒకసారి గుర్తుచేయడంలో తప్పులేదు.

చేలో దొరికిన పిల్లనా?

మాచర్ల, గురజాల వైపు చేలల్లో, నల్లమల అంచున అప్పుడప్పుడు బూడిదరంగు కుందేలు పిల్ల కనిపిస్తుంది. మన పెద్దవాళ్ళు చెవులపిల్లి అనేది దాన్నే. కళ్ళు తెరుచుకుని, ఒంటరిగా కూర్చునుంటే తల్లి వదిలేసిందని జాలిపడి కొంగులో వేసుకు తెస్తారు. తల్లి ఎక్కడికీ పోలేదు, చీకటి పడ్డాక వచ్చి పాలిచ్చి పోతుంది. అది పెంపుడు జాతి కాదు, ఇంట్లో బతకడం అరుదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టుకోవడం నేరం. చూసిన చోటే వదిలి రండి.

గుర్తుంచుకోండి (రెండు కిలోల కుందేలుకి)

* రోజంతా: ఎండు గరికగానీ పచ్చి గరికగానీ, ఎంత తింటే అంత. శుభ్రమైన నీళ్ళు.
* సాయంత్రం: ఆకుకూరలు రెండు గుప్పిళ్ళు.
* రోజుకొకసారి: గుళికల దాణా 50 గ్రాముల లోపు. గడ్డి బాగా తింటుంటే ఇంకా తగ్గించొచ్చు.
* వారానికి రెండుసార్లు: పండుగానీ క్యారెట్‌గానీ ఒక చెంచాడు.
* వారానికొకసారి: కూరలు తూచే తక్కెడలో బరువు చూసి క్యాలెండరులో రాయండి. బరువు దిగుతుంటే తినడం లేదన్నమాటే.
* పొద్దున్నే: పెంటికలు చూడండి. గుండ్రంగా, బోలెడన్ని వుంటే ఆ రోజుకి దిగుల్లేదు.

మేపే పని పిల్లలకే అప్పగించండి, గరిక కొయ్యడం, గిన్నె కడగడం వాళ్ళకి రావాలి. కానీ రాత్రి పడుకోబోయేముందు పంజరంలో గడ్డి వుందో లేదో మాత్రం మీరే ఒకసారి చూసుకోండి. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు మరీను! "పాపం, ఒట్టి గడ్డి పెడుతున్నారా దీనికి?" అంటూ ఎవరో ఒకరు బిస్కెట్టు పట్టుకుని అటు నడుస్తూనే వుంటారు.